మేనేజర్ లేని ఏడు నెలలు

కావలిలో ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తుంటాను. మా మేనేజర్ ఈ నెలాఖరుకి మానేస్తున్నారు. ఆ సీటులోకి ఇంకొకరిని తీసుకోవాలా వద్దా అని పైవాళ్లు మమ్మల్నే అడిగారు. టీమ్‌లో చాలామంది మాట ఒకటే: కోడ్ రాసేది మనం, రివ్యూ చేసేది మనం, అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచేది మనం, ఇంక మధ్యలో ఇంకో మనిషెందుకు?

రెండేళ్ల కిందటైతే నేనూ అదే అనేవాణ్ణి. అప్పుడు నేనున్న కంపెనీలో (పేరు వద్దు) మేనేజర్ వెళ్లిపోతే, మీరంతా సీనియర్లే కదా, మీరే చూసుకోండి అని ఏడు నెలలు ఆ సీటు ఖాళీగా వదిలేశారు.

మొదటి రెండు నెలలు నిజంగానే హాయిగా గడిచాయి. పొద్దున్నే స్టేటస్ చెప్పే మీటింగ్ పోయింది, పని వేగంగా జరిగింది. ఆ తర్వాత పేమెంట్ల కోడ్ దగ్గర ఇరుక్కుపోయాం. పాతదాన్ని బాగుచేయాలా, మొత్తం కొత్తగా రాయాలా? తొమ్మిది మందిమి రెండు జట్లయ్యాం, రెండు వైపులా న్యాయముంది, తేల్చే మనిషి మాత్రం లేడు. వారం వారం అదే వాదన నడిచి చివరికి గొంతు పెద్దవాళ్ల మాట నెగ్గింది. ఆ పెద్ద గొంతుల్లో నాదీ ఒకటి. కొత్తగా చేరిన ఒక అమ్మాయి మా అందరికంటే మంచి డిజైన్ రాసి పెట్టిందని చాలా ఆలస్యంగా చూశాను. ఐదో నెలలో ఆమె మానేసింది. వెళ్లేరోజు ఫోన్ చేసి, "నేను చేసిన పని ఎవరికి చూపించాలో నాకు తెలియలేదన్నా" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

నలుగురైదుగురు ఉన్న టీమ్‌కి మేనేజర్ అక్కర్లేదనే ఇప్పటికీ అనుకుంటాను. ఐదుగురి మధ్య పది జతలే ఉంటాయి, అందరూ అందరితో మాట్లాడుకోవచ్చు. తొమ్మిది మందైతే ముప్పై ఆరు జతలు. అక్కడ ఎవరో ఒకరు వినబడకుండా పోతారు.

గూగుల్ కూడా 2002లో ఇంజనీరింగ్ మేనేజర్లను తీసేసి చూసింది. కొన్ని నెలలే నడిచింది. ఖర్చుల బిల్లుల నుంచి మనుషుల మధ్య గొడవల దాకా అన్నీ నేరుగా కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన లారీ పేజ్ దగ్గరికే చేరడం మొదలైంది. తర్వాత కొన్నేళ్లకు అక్కడే ప్రాజెక్ట్ ఆక్సిజన్ అని లెక్కలు తీశారు. మేనేజర్ల వల్ల ఏ తేడా ఉండదని చూపించాలని మొదలుపెడితే తేడా ఉంటుందనే తేలింది. మంచి మేనేజర్‌కి ఉండే ఎనిమిది లక్షణాలు రాస్తే మొదటిది మనుషులకు నేర్పించి ముందుకు తేవడం. టెక్నికల్ నైపుణ్యం ఎనిమిదోది.

ఆక్సిజన్ అంటే మా వైపు ముందు గుర్తొచ్చేది రొయ్యల గుంటలు. మా మామ గుంటల మీద కాపలా ఉండే మనిషికి నీళ్ల సంగతి మామకంటే బాగా తెలుసు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు చూసుకునేది, మేత ట్రేలు ఎత్తి చూసేది అతనే. కానీ జబ్బు కనబడిన రోజు, రొయ్యలు ఇంకా చిన్నగా ఉండగానే పట్టేయాలా, నాలుగు రోజులు ఆగాలా అన్నది మామే తేలుస్తాడు. అది తప్పైతే మేత డీలర్‌కి జవాబు చెప్పేదీ మామే, ఆ మనిషిని ముందుకు తొయ్యడు.

అసలు ఇంతకంటే పెద్ద ఉదాహరణ శ్రీహరికోటలోనే ఉంది, అప్పట్లో అది మన నెల్లూరు జిల్లా. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడిపోయింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం. విలేకరుల ముందుకు మాత్రం ఇస్రో చైర్మన్ సతీష్ ధవన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. మరుసటి ఏడాది జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు, విలేకరులతో నువ్వే మాట్లాడమని కలాంను పంపారు. ఈ సంగతి కలాం గారే తర్వాత ఎన్నోసార్లు చెప్పుకున్నారు. ఆ కాలంలో ధవన్ గారు కోడో సర్క్యూటో రాశారా అని ఎవరూ అడగరు కదా.

సోమవారం మీటింగ్‌లో మేనేజర్ కావాలనే చెప్పబోతున్నాను. స్టేటస్ షీట్లు వద్దు, ఎవరెప్పుడు లాగిన్ అయ్యారో చూసే మనిషి వద్దు. రెండు వారాల్లో తేలని వాదనని తేల్చేవాళ్లు, క్లయింట్ కాల్‌లో తప్పు మాదని ముందుగా ఒప్పుకునేవాళ్లు, మాట్లాడనివాళ్లు రాసినవి కూడా చదివేవాళ్లు కావాలి. ఇంటర్వ్యూలో టీమ్ నుంచి ఒకరిని కూర్చోనిమ్మని కూడా అడుగుతాను. కూర్చోనిస్తే నా ప్రశ్న ఒక్కటే: పోయినసారి మీ టీమ్ చేసిన తప్పుకి, ఎవరి ముందు మీరు జవాబు చెప్పారు?