ఆరో తరగతికి వెళ్లే పిల్లలకు ఎండాకాలం చదువు, జూన్ సామాను

మా హనుమకొండలో బళ్లకు ఏప్రిల్ ఆఖరి వారంలో సెలవులిస్తే మళ్లీ జూన్ 12న తెరుస్తారు. ఈ మధ్యకాలంలో తల్లిదండ్రులు ఎదురైతే తరచుగా అడిగేది 'ఈసారి ఏమేం కొనాలి సార్' అని. తెలుగు చెప్పే ఉపాధ్యాయుడిగా నాకు మాత్రం, మే నెలలో ఏం చదివించాలన్న ప్రశ్న దానికన్నా ముందు రావాలనిపిస్తుంది. ఐదో తరగతి వరకు పాఠ్యపుస్తకం పిల్లలకు చదవడం నేర్పుతుంది. ఆరో తరగతి నుంచి మాత్రం వాళ్లకు చదవడం వచ్చనే నమ్మకంతోనే పాఠం మొదలుపెడుతుంది. సాంఘికశాస్త్రంలో పేరాలు పెద్దవవుతాయి, గణితంలో లెక్క కన్నా లెక్కను చెప్పే వాక్యం పొడవవుతుంది. కూడికలు, గుణకారాలు చక్కగా చేయగలిగి కూడా, ఆ వాక్యం చివరికి చేరేలోపు మొదలు మరిచిపోయి మార్కులు పోగొట్టుకునే పిల్లలను ప్రతి ఏడూ చూస్తున్నాను.

ఈ లోటు సెలవుల్లో కూడా పాఠ్యపుస్తకమే చేతిలో పెడితే తీరదు. పిల్లలు తమంతట తాము ఎంచుకున్న కథల పుస్తకమో, జంతువుల గురించినదో, క్రికెట్ ఆటగాడి జీవితమో, ఏదైనా సరే, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన అనుభవం వారికి కావాలి. పుస్తకం ముగియగానే ప్రశ్నలు అడగడం, సారాంశం రాయించడం నాకు నచ్చని పద్ధతులు. ఇంట్లో ఎవరో ఒకరు 'తర్వాత ఏమైంది' అని నిజంగా తెలుసుకోవాలని అడిగితే చాలు, పిల్లలే గంట సేపు చెబుతారు. ఎండ ముదిరి బయటకు పంపలేని మధ్యాహ్నాలు మనకు ఎలాగూ ఉన్నాయి. ఆ వేళ అమ్మమ్మకో తాతయ్యకో ఒక కథ పైకి చదివి వినిపించమంటే, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చదివేవారికే తెలిసివస్తుంది.

పుస్తకాలకు డబ్బెక్కడిదని వెనుకాడేవారు గ్రంథాలయాన్ని గుర్తు చేసుకోవాలి. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. అంటే ఊళ్లోని ప్రభుత్వ గ్రంథాలయంలో ఉన్న బాలల పుస్తకాల ఖర్చు మనం ముందే చెల్లించినట్టే. హనుమకొండకు ఈ విషయంలో పెద్ద చరిత్రే ఉంది. బడుల్లో, కచేరీల్లో ఉర్దూ నడిచిన నిజాం కాలంలో, 1904లోనే ఇక్కడ శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. తెలుగు చదువుకోవడానికి ఒక చోటు కావాలని అంత పట్టుదలతో పుస్తకాలు కూడబెట్టిన ఊరిలో, పన్నెండేళ్లు వచ్చినా గ్రంథాలయం గడప తొక్కని పిల్లలు ఉండటం నన్ను బాధపెడుతుంది. సెలవులు మొదలైన వారంలోనే ఒకసారి వెంటబెట్టుకుని వెళ్లండి, సభ్యత్వం తీసుకోండి, పుస్తకాన్ని మాత్రం వాళ్లనే ఎంచుకోనివ్వండి.

చదివినదాన్ని కంటితో చూసే అవకాశం మన ప్రాంతంలో ఉన్నంతగా చాలాచోట్ల ఉండదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి గురించి నాలుగు పేజీలు చదివించి, ఆ తర్వాత అక్కడికి తీసుకువెళ్లండి. పునాదిలో ఇసుక నింపారని, శిఖరానికి నీటిపై తేలే తేలికైన ఇటుకలు వాడారని చదివి వెళ్లిన పిల్లలు తల పైకెత్తి శిఖరాన్ని చూస్తారు. చదవకుండా వెళ్లినవారు చెరువు గట్టుకు పరుగెత్తుతారు. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ కట్టడంగా ఎందుకు గుర్తించిందో వాళ్లకు విడిగా వివరించాల్సిన పని ఉండదు.

ఇక సామాను విషయం. ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకాలు, ఏకరూప దుస్తులు ఉచితంగానే వస్తాయి కాబట్టి మిగిలినవాటిలో దేనికి డబ్బు పెట్టాలో కొంచెం ఆలోచించవచ్చు. బొమ్మల డబ్బాలకు, మెరిసే అట్టలకు పెట్టే డబ్బును వృత్తలేఖినికి పెట్టమని నా సలహా. చౌకరకం జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినికి మర బిగువుగా ఉండదు. సగం తిప్పేసరికి కాళ్లు విచ్చుకుని, గీత మొదలైన చోటికి తిరిగి రాదు. తన చేతికే పని రాదని ఆ పిల్లవాడు అనుకుంటాడు, తప్పు మాత్రం ఆ మరలో ఉంది. కొనేముందు కాళ్లు విప్పి, పెన్సిల్ బిగించి, దుకాణంలోనే ఒక కాగితం మీద గీసి చూడండి.

రెండోది తెలుగు నిఘంటువు. ఇంగ్లీషు డిక్షనరీ కొనేవారు ఎందరో ఉన్నారు, తెలుగుది కొనేవారు తక్కువ. ఎనిమిదో తరగతి పిల్లలు కూడా 'క్షమ' అనే మాట కోసం పుస్తకం చివరి పేజీలు తిప్పడం చూశాను. అది 'క'లోనే ఉంటుందని నాలుగు రోజులు స్వయంగా వెతికితే తప్ప గుర్తుండదు. ఆ వెతుకులాటకు సెలవులే అనువైన కాలం.

నోటు పుస్తకాలు బడి చెప్పినన్నే తీసుకోవాలి. నిరుటి పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలను చించి, సూదీదారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేస్తే సెలవుల్లో రాసుకోవడానికి సరిపోతుంది.

సంచి కొనేటప్పుడు దాని సొంత బరువు చూడండి. ఆరు, ఏడు తరగతుల సంచి 4 కిలోలు, ఎనిమిదో తరగతిది నాలుగున్నర కిలోలు మించకూడదని 2017లోనే మన రాష్ట్రంలో నిబంధన పెట్టారు. ఒక పక్క ఇంగ్లీషు, మరో పక్క తెలుగు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాక పేజీలు పెరిగాయి. అందుకే వాటిని రెండు భాగాలుగా అచ్చువేస్తున్నారు. జూన్‌లో రెండో భాగాన్ని మోయాల్సిన పనే లేదు, ఇంట్లోనే ఉంచండి. ఆ ఖాళీలో గ్రంథాలయం నుంచి తెచ్చిన చిన్న పుస్తకం ఒకటి పడుతుంది.