తినొచ్చు

ఊరి నుంచి వస్తున్నవాళ్ళ చేత అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా ఓ రోజు ఆఫీసుకు తీసుకెళ్ళాను. స్టుట్‌గార్ట్‌లో మా టీమ్‌లో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన ఒకడున్నాడు. బ్రెడ్డు ముక్క మీద కాస్త రాసుకుని, నమిలి, కళ్ళు తుడుచుకుని "మర్ కాస్ ఎస్సా" అన్నాడు. అక్కడి యాసలో 'తినొచ్చు' అని అర్థం. అంతే, ఇంకో మాట లేదు. కానీ ఇంకో ముక్క తీసుకున్నాడు. సాయంత్రానికి సీసా సగమైంది.

ఇంటికొచ్చి వీడియో కాల్‌లో అమ్మకు చెప్పాను. "తినొచ్చు అన్నాడా? అయితే బాగా నచ్చిందన్నమాట. ఇంకో సీసా పంపుతాలే" అంది.

అమ్మకు అర్థం కాకేం. గుంటూరులో మా ఇంట్లో 'పర్లేదు' అన్నదే పెద్ద మెప్పు. టెన్త్‌లో స్కూల్ ఫస్ట్ వచ్చినప్పుడు నాన్న అన్నది అదే. పక్కింటావిడ "మీవాడు బంగారమండీ" అంటే అమ్మకు కంగారు. ఆవిడ గేటు దాటగానే ఎండుమిరపకాయలూ ఉప్పూ గుప్పిట్లో పట్టి, నా చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసేది. దగ్గు రాలేదంటే దిష్టి గట్టిగానే తగిలినట్టు.

మిరపకాయలకు మా ఇంట్లో కొదవేముంది? నాన్న మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేశాడు. అక్కడా ఇదే వరస. తేజ రకం ఎర్రగా నిగనిగలాడుతున్నా సరే, కొనేవాడు బస్తాలోంచి నాలుగు కాయలు తీసి, ఒకటి విరిచి చూసి, "తాలుంది, తేమ కూడా ఉంది" అనే అంటాడు. బాగుందని నోరు జారితే ధర పెంచాలి మరి. ఏ వంకా పెట్టకుండా పక్క బస్తాల దగ్గరికి పోయాడంటేనే రైతు దిగులుపడాలి.

అసలు మెచ్చుకోడానికి కంటే మెచ్చుకునేవాణ్ణి అనుమానించడానికే మనకు మాటలెక్కువ. కాకా పట్టడం, డబ్బా కొట్టడం, బిస్కెట్ వేయడం. వీటన్నిటికీ పెద్దన్న మునగచెట్టు ఎక్కించడం. మునగ కొమ్మ పెళుసు, ఎక్కినవాణ్ణి ఎక్కువసేపు మోయదు.

ఇన్ని తెలిసి కూడా నేను ఆ చెట్టు ఎక్కాను. ఎవరూ ఎక్కించలేదు, ఒక కాగితం చదివి నేనే ఎక్కాను.

జర్మనీలో ఉద్యోగం మానేస్తే, ఎలా పనిచేశామో చెప్పే పత్రం ఇమ్మని అడిగే హక్కు మనకు చట్టంలోనే ఉంది. ఆర్బైట్స్‌ట్సోయ్గ్నిస్ అంటారు, ఆ మాట పలకడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. మనిషి ముందుదారికి అనవసరంగా అడ్డుపడేలా అది రాయకూడదని కోర్టులు తేల్చాయి. చెడు రాయడానికి వీల్లేకపోయేసరికి కంపెనీలు మంచి మాటల్లోనే మెట్లు కట్టుకున్నాయి. 'ఎల్లప్పుడూ మాకు పరిపూర్ణమైన తృప్తి కలిగించాడు' అంటే ఒకటో గ్రేడు. అక్కడ ఒకటే అన్నిటికంటే మంచిది. 'పరిపూర్ణ' కాస్తా 'పూర్తి' అయితే రెండు. 'ఎల్లప్పుడూ' ఎగిరిపోతే మూడు. 'పూర్తి' కూడా పోయి ఉత్త తృప్తి మిగిలితే నాలుగు. ఇలా లోపల ఇంకో అర్థం దాచి రాయకూడదని అదే చట్టంలో ఉంది, అదొక తమాషా. ఆ మూడో మెట్టు మీద ఒకావిడ కేసు వాళ్ళ అత్యున్నత లేబర్ కోర్టు దాకా వెళ్ళింది. 'పూర్తి తృప్తి' అంటే సగటు పని అనీ, అంతకంటే మంచి గ్రేడు కావాలంటే ఉద్యోగే రుజువు చేసుకోవాలనీ 2014లో తీర్పొచ్చింది.

నా మొదటి కంపెనీ ఇచ్చిన పత్రంలో అసలు తృప్తి అన్న మాటే లేదు. 'అప్పగించిన పనులు పూర్తి చేయడానికి ఎంతో కృషి చేశాడు, వేళకు వచ్చేవాడు' అని ఉంది. ఫోన్‌లో అనువాదం చేసుకుని చదివి పొంగిపోయాను. ఫొటో తీసి, కింద తెలుగులో అర్థం రాసి నాన్నకు పంపాను. ఆయన అరండల్‌పేట వెళ్ళి కలర్ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి టీవీ పక్కన నిలబెట్టాడు. అన్నిటికీ పర్లేదనే నాన్న!

రెండు నెలలు ఒక్క ఇంటర్వ్యూకూ పిలుపు లేదు. పై ఫ్లాట్‌లో ఉండే ఒంగోలు అన్న ఆ కాగితం చూసి తల గోక్కున్నాడు. "దీన్ని ఎన్నిచోట్లకు పంపావు తమ్ముడూ?"

'కృషి చేశాడు' అంటే పాపం ప్రయత్నించాడు గానీ చేతకాలేదని. అట్టడుగు మెట్టు. వేళకు రావడం గురించి ప్రత్యేకంగా రాశారంటే, రాయడానికి ఇంకేమీ దొరకలేదని. అక్కడ మీటింగులన్నీ జర్మన్‌లో జరిగేవి, నేను సగం అర్థమై సగం కాక తలూపేవాణ్ణి. తప్పు నాదీ ఉంది. కానీ ఒక్కరోజైనా మొహాన చెప్పలేదు. 'తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే' అని ఆ ప్రాంతంలో సామెత. నేనూ తిట్టలేదు కదా అని మెప్పు ఖాతాలోనే వేసుకున్నాను.

చేసిన పని, పనిచేసిన కాలం మాత్రమే ఉండే చిన్న పత్రం కూడా అడగొచ్చని అన్నే చెప్పాడు. అది పెట్టాకే ఇప్పటి ఉద్యోగం దొరికింది.

నాన్నకు చెప్పాలా వద్దా అని వారం రోజులు టెన్షన్ పడ్డాను. చెప్పాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లాడేం చేస్తుంటాడండీ అని అడిగితే, చాలా బుద్ధిమంతుడండీ అంటారు చూడు సంబంధాలప్పుడు, అలాంటిదా?" అన్నాడు.

"అలాంటిదే నాన్నా."

"మీ అక్కకు రెండు సంబంధాలు ఆ మాట విన్నాకే వదిలేశాంరా" అన్నాడు.

పోయిన నెల ఇంటికెళ్తే ఆ కాగితం ఇంకా టీవీ పక్కనే ఉంది, దుమ్ము కూడా లేకుండా. తీసెయ్యమన్నాను.

"ఉండనీరా" అన్నాడు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా. "మన సందులో జర్మన్ ఎవడికొచ్చు?"