సీసీఎన్‌ఏ ప్రిపరేషన్: ఒక్క పింగ్ కోసం మూడు రోజులు

హాయ్ ఫ్రెండ్స్, పోయిన నెల సీసీఎన్‌ఏ 200-301 (సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ ఎగ్జామ్) క్లియర్ చేశా. ఏ వీడియోలు చూశావ్, ఎన్ని నెలలు చదివావ్ అని చాలామంది అడుగుతున్నారు, అవి ఎవరైనా చెప్తారు, నేను మాత్రం నా ల్యాప్‌టాప్ నుంచి జీఎన్‌ఎస్3లో (కంప్యూటర్‌లోనే రౌటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న రౌటర్‌కి పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందా అని చూసే టెస్ట్) వెళ్లక మూడు రోజులు తల పట్టుకున్న కథ చెప్తా. సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం వెయిటేజ్, అందులో సగం నాకు ఈ గొడవలోనే అర్థమైంది.

మొదటి రెండు నెలలు సిస్కో సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసరే. స్టార్టింగ్‌కి అది చాలు, కానీ రౌటర్లు, పీసీలు అన్నీ అందులోపలే, మన విండోస్ కమాండ్ ప్రాంప్ట్ (సీఎండీ) నుంచి వాటికి పింగ్ కొట్టలేం. నాకేమో పుట్టీ ఓపెన్ చేసి నిజం రౌటర్‌లోకి లాగిన్ అయినట్టు చూడాలని పిచ్చి. అందుకే అమీర్‌పేట హాస్టల్ రూంలో కూర్చుని జీఎన్‌ఎస్3 వేశా, డివైస్ మేనేజర్‌లో లెగసీ హార్డ్‌వేర్ కింద మైక్రోసాఫ్ట్ కేఎం-టెస్ట్ లూప్‌బ్యాక్ అడాప్టర్ (విండోస్‌లో ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డ్) యాడ్ చేసి, సిస్టమ్ రీస్టార్ట్ చేసి, జీఎన్‌ఎస్3లోని క్లౌడ్‌లో (ల్యాప్‌టాప్‌కి కలిపే ఐకాన్) దాన్ని సెలెక్ట్ చేసి ఆర్1 అనే రౌటర్‌కి కలిపా. లూప్‌బ్యాక్‌కి 192.168.1.50, రౌటర్‌కి 192.168.1.60, రెండూ స్లాష్ 24 (అంటే మొదటి మూడు నంబర్లు నెట్‌వర్క్‌వి), పోర్ట్ ఆన్ చేసే నో షట్ కూడా కొట్టా. పింగ్ కొడితే డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్.

ఒకటిన్నర రోజు రౌటర్ మీదే పడ్డా. షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్‌లో అప్ అప్ (పోర్ట్ పనిచేస్తోందని) అనే ఉంది కదా అని ధైర్యం, కానీ డైనమిప్స్ (జీఎన్‌ఎస్3 వెనక రౌటర్‌ని నడిపే ప్రోగ్రామ్) రౌటర్‌లో కేబుల్ పీకేసినా అప్ అప్ అనే చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు. (అసలు రౌటర్‌లో అయితే డౌన్ డౌన్ అవుతుంది, ఎగ్జామ్‌కి అదే గుర్తుపెట్టుకోండి.) జీఎన్‌ఎస్3 తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేశా, దండగ.

చివరికి ఆ ఎర్రర్ లైన్‌నే సరిగ్గా చదివా. రిప్లై ఫ్రమ్ 192.168.1.7 అని ఉంది. ఈ 1.7 ఎవరిది? నా వైఫైది! హాస్టల్ వైఫై కూడా 192.168.1 నెట్‌వర్కే, అంటే నా ప్యాకెట్ లూప్‌బ్యాక్ వైపు వెళ్లనే లేదు, వైఫైలో పోయి అక్కడ 1.60 ఎవరమ్మా అని ఆర్ప్ (ఐపీని బట్టి మ్యాక్ అడ్రస్, అంటే కార్డ్ హార్డ్‌వేర్ నంబర్, కనుక్కునే పద్ధతి) అడుగుతోంది, ఎవరూ పలకట్లేదు. రౌట్ ప్రింట్ (విండోస్ దారుల పట్టిక) కొడితే ఒకే నెట్‌వర్క్ రెండు అడాప్టర్ల మీద కనిపించింది, మెట్రిక్ తక్కువున్నది వైఫై, తక్కువున్న దారినే విండోస్ ఎంచుకుంటుంది. లూప్‌బ్యాక్‌ని 10.10.10.1, రౌటర్‌ని 10.10.10.2 చేశా, అంతే, పింగ్‌కి రిప్లై వచ్చింది. లూప్‌బ్యాక్‌కి గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌లకి దారి) మాత్రం ఇవ్వకండి, మీ ఇంటర్నెట్ పోయే ప్రమాదం ఉంది.

సంబరం ఐదు నిమిషాలే. రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి కొడితే ఐదు చుక్కలు, చుక్క అంటే జవాబు రాలేదని. ఇక్కడ షో ఐపీ ఆర్ప్ చూడండి, 10.10.10.1 ఎదురుగా ఇన్‌కంప్లీట్ అని ఉంటే లేయర్ 2లో (కనెక్షన్, మ్యాక్ అడ్రస్ స్థాయిలో) తేడా, మ్యాక్ అడ్రస్ వచ్చి కూడా పింగ్ రాలేదంటే ముందు విండోస్ ఫైర్‌వాల్‌ని అనుమానించండి. నాకు మ్యాక్ వచ్చింది. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చెయ్యమని అందరూ సలహా ఇస్తారు, అవసరం లేదు, ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఐసీఎంపీవీ4 ఎకో రిక్వెస్ట్ (అదే పింగ్) ఎనేబుల్ చేస్తే చాలు. మొదటిసారి ఒక చుక్క, నాలుగు ఆశ్చర్యార్థకాలు (జవాబు వచ్చినవి) వచ్చి 80 శాతం అంటే కంగారు పడకండి, మొదటి ప్యాకెట్ ఆర్ప్ అయ్యేలోపు పోయింది అంతే.

మూడో రోజు ఆర్1 వెనక ఆర్2 అనే ఇంకో రౌటర్ పెట్టా, దాని ఐపీ 172.16.12.2. ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ సీఎండీ తీసి రౌట్ యాడ్‌తో ఆ నెట్‌వర్క్‌కి దారి 10.10.10.2 అని చెప్పా, అయినా టైమ్డ్ అవుట్. రెండు రౌటర్ల మధ్య లింక్ మీద వైర్‌షార్క్ (వెళ్లే ప్యాకెట్లని చూపించే టూల్) పెట్టి చూస్తే రిక్వెస్ట్ వెళ్తోంది, రిప్లై లేదు. ఆర్2కి 10.10.10.0 ఎక్కడుందో ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు. ఆర్2లో ఐపీ రౌట్ 10.10.10.0 255.255.255.0 172.16.12.1 (చివరిది ఆర్1 ఐపీ) అని ఒక్క లైన్ వేశా, రిప్లై వచ్చేసింది. రౌటింగ్ ప్రశ్న ఏది చూసినా ముందు తిరిగొచ్చే దారి ఉందా అని చూసే అలవాటు నాకు అప్పుడే పడింది. ఎగ్జామ్ 120 నిమిషాలు, ఒకసారి నెక్స్ట్ కొడితే వెనక్కి రాలేం, కాబట్టి ఇలాంటివి చూడగానే తట్టాలి, అక్కడ కూర్చుని ఆలోచించే టైమ్ ఉండదు. ప్రశ్నలేం వచ్చాయని మాత్రం అడగకండి, చెప్పకూడదు.

ఇంకోటి, జీఎన్‌ఎస్3లో ఐడిల్ పీసీ వాల్యూ (రౌటర్ ఖాళీగా ఉన్నప్పుడు సీపీయూని వాడకుండా చేసే సెట్టింగ్) సెట్ చేసుకోండి, లేకపోతే ఒక్క రౌటర్‌కే ఒక సీపీయూ కోర్ వంద శాతానికి పోతుంది, నా రూమ్మేట్ ఆ ఫ్యాన్ సౌండ్‌కి నిద్ర పట్టక దుప్పటి తీసుకుని హాల్లోకి వెళ్లిపోయాడు.