పాడైన స్టిక్, మూడు రంగులు: సినిమాలాంటి గేముల్లో ఆట ఎంత?

ఏప్రిల్ 6, ఆదివారం

శ్రీరామనవమి కాబట్టి స్టూడియో తెరవలేదు. అనంతపురం కమలానగర్‌లో మాది చిన్న ఎడిటింగ్ రూమ్, పెళ్లి వీడియోలు కట్ చేస్తాం. మధ్యాహ్నం మా అక్క కొడుకు వచ్చాడు. డిగ్రీ రెండో సంవత్సరం. ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ తప్ప ఇంకోటి ముట్టడు. టీవీకి కలిపి ఆడే పీఎస్4 గేమ్ యంత్రంలో ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ అనే కథ గేమ్ పెట్టి కంట్రోలర్ వాడి చేతికిచ్చాను. ముప్పావు గంట ఆడి పక్కన పెట్టేశాడు.

“కథ బాగుంది మామా. కానీ దీంట్లో నేను చేసిందేముంది? నడువు అంటే నడిచినా, నొక్కు అంటే నొక్కినా. దీనికంటే సినిమా చూస్తే పోలా?”

నాకు కోపం వచ్చింది. ఈ గేమ్‌ను నేను నాలుగుసార్లు పూర్తి చేశాను. అయినా వాడికి జవాబు చెప్పలేకపోయాను. నా దగ్గర ఉన్నది ఇష్టమే, లెక్క లేదు. రాత్రి పడుకున్నాక అనిపించింది, కొలిస్తే సరిపోతుంది కదా అని. గంటల కొద్దీ ఫుటేజ్‌ను టైమ్‌లైన్ మీద పరిచి, ఏది ఏమిటో రంగులు వేయడం నాకు రోజూ ఉన్న పనే.

ఏప్రిల్ 9

ముందు పద్ధతి రాసి పెట్టుకుంటాను, ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుంది.

పీఎస్4 మనం ఆడేదాన్ని దానంతటదే రికార్డు చేస్తూ ఉంటుంది, కానీ మామూలుగా చివరి 15 నిమిషాలే దాచుకుంటుంది. షేర్ బటన్ నొక్కి సెట్టింగుల్లోకి వెళ్తే ఆ నిడివిని 60 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. ఆట మొదలుపెట్టేటప్పుడు షేర్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే కొత్త రికార్డింగ్ అక్కడి నుంచి మొదలవుతుంది. తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి కాపీ. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో గానీ ఫ్యాట్32లో గానీ ఫార్మాట్ అయి ఉండాలి. నాది ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉండటంతో పీఎస్4 గుర్తించలేదు, అరగంట పోయింది. కొన్ని గేములు కొన్ని సీన్లను రికార్డు కానివ్వవు. అక్కడ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకోవడమే.

రంగులు మూడు. వాటి పేర్లు నిమ్మలకుంట నుంచి తెచ్చుకున్నాను. ధర్మవరం దగ్గరి ఆ ఊళ్లో తోలుబొమ్మలాట షూట్ చేయడానికి ఒకసారి వెళ్లాను. కాసేపు తెర ముందు నుంచి తీశాను, కాసేపు తెర వెనక నుంచి. ముందు కూర్చున్నవాళ్లకు హనుమంతుడు సముద్రం దాటుతున్నాడు. వెనక బొమ్మలాడించే ఆయనకు రెండు చేతుల్లోనూ పుల్లలు, కాళ్ల కింద చెక్క, నోట్లో పాట. కథ ఒకటే, కూర్చున్న చోటు వేరు. అందుకని కట్‌సీన్‌కు, అంటే మన ఆట ఆపి సినిమాలా చూపించే సీన్‌కు, ఎరుపు రంగు వేసి ‘తెర ముందు’ అన్నాను. నేను దారి ఎంచుకుని, తప్పు చేసి, ఆ తప్పుకు ఫలితం అనుభవించే భాగం ఆకుపచ్చ, అది ‘తెర వెనక’. కంట్రోలర్ మీద బొటనవేలితో తోసి బొమ్మను నడిపే స్టిక్‌ను ముందుకు తోస్తూ పక్కవాళ్ల మాటలు వింటూ పోయే భాగం పసుపు, దాని పేరు ‘నడక’.

ఏప్రిల్ 13, ఆదివారం

‘ద లాస్ట్ ఆఫ్ అస్’, 2014లో పీఎస్4కు వచ్చిన రీమాస్టర్డ్ డిస్క్. మొదటి గంట రంగులు వేయడానికే మూడు గంటలు పట్టింది. వచ్చిన లెక్క: ఎరుపు 24 నిమిషాలు, పసుపు 17, ఆకుపచ్చ 19.

మా వాడు అన్నదే నిజమైంది. మొదట్లో కారు సీన్ ఉంటుంది. ఊరంతా తగలబడుతుంటే వెనక సీట్లోంచి హీరో జోయెల్ కూతురు సారా చూస్తూ ఉంటుంది. అక్కడ మనం చేయగలిగింది తల తిప్పడం ఒక్కటే. ఎడిటర్‌గా ఆ సీన్‌కు చేతులెత్తి దండం పెడతాను. ఆటగా చూస్తే ఎరుపే వేయాలి.

తర్వాత బిల్ ఉండే ఊరి భాగంలో ఒక గంట తీసుకుని అదే పని చేశాను. ఎరుపు 9, పసుపు 12, ఆకుపచ్చ 39. గేమ్ అదే, లెక్క తలకిందులైంది. ఇలాంటి గేములను మొదటి గంట చూసి కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు, మొదటి గంట చూసి నెత్తిన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ ఆట మొదలు కాకముందే లేచిపోయినట్టే.

ఏప్రిల్ 21

ఈ వారం పని ఆగింది. ముహూర్తాలు ఎక్కువ, పైగా కంట్రోలర్ పాడైంది. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. అమ్మినాయన కొత్తదానిలా ఉందన్నాడు కానీ ఎడమ స్టిక్ వదిలేసినా బొమ్మ మెల్లగా ముందుకు పోతోంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. ఎంత ఉందో తెలుసుకోవాలంటే కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో విండోస్ కంప్యూటర్‌కు కలిపి, గేమ్ కంట్రోలర్స్ విండో తెరవాలి. స్టిక్ వదిలేసినప్పుడు గుర్తు మధ్యలో నిలబడాలి. నాది పైకి జరిగి కూర్చుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి స్టిక్‌ను గుండ్రంగా తిప్పితే రెండు రోజులు బాగుంది, మళ్లీ మొదలు.

మొత్తం స్టిక్ మాడ్యూలే మార్చాలి. 14 కాళ్లు ఊడదీసి మళ్లీ టంకం పెట్టాలి. అది నా వల్ల కాదు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఇది నేను అనుకోని సంగతి, వివరంగా రాస్తాను.

ఆ పాడైన స్టిక్‌తోనే ‘ద లాస్ట్ ఆఫ్ అస్’లో బోస్టన్ భాగం ఆడాను. జోయెల్‌తో వచ్చే టెస్ వెనక నడిచే చోట్ల డ్రిఫ్ట్ ఉన్నట్టే తెలియలేదు. ఎలాగూ ముందుకే పోవాలి, స్టిక్ కూడా ముందుకే లాగుతోంది. పది నిమిషాలు హాయిగా గడిచాయి. తర్వాత క్లిక్కర్లు అనే, రోగం సోకి రాక్షసుల్లా మారినవి వచ్చాయి. వాటికి కళ్లు లేవు, చప్పుడే ఆధారం. స్టిక్‌ను కొంచెమే తోసి మెల్లగా జరగాలి, అవసరమైతే కదలకుండా ఆగిపోవాలి. నేను ఆగాను, జోయెల్ ఆగలేదు. వరసగా ఆరుసార్లు చచ్చాను.

అప్పుడు తట్టింది. నేను ఇన్నాళ్లూ నిమిషాలు కొలుస్తున్నాను. ఈ పాడైన స్టిక్ అంతకంటే బాగా కొలుస్తోంది. నా చేతి తప్పు ఎక్కడ లెక్కలోకి వస్తుందో అక్కడ ఆట ఉంది. చేతిలో కంట్రోలర్ పాడైనా ఏమీ మారకపోతే, అక్కడ కట్‌సీన్ లేకపోయినా నేను తెర ముందే కూర్చున్నాను. బొమ్మ కదులుతోంది కాబట్టి ఆడుతున్నాననుకుంటున్నాను, అంతే.

పసుపు రంగే అసలు మోసం అని ఆ రాత్రి నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఎరుపు నిజాయితీ గలది. ఆగు, చూడు అంటుంది, చూస్తాం. స్టిక్ రిపేరు కొన్నాళ్లు వాయిదా వేశాను.

మే 4, ఆదివారం

‘గాడ్ ఆఫ్ వార్’, 2018 నాటిది. మొదటి నుంచి చివరి దాకా కెమెరా ఒక్క కట్ లేకుండా సాగుతుంది. నా వృత్తి కట్ చేయడం కాబట్టి దీన్ని ఇంకో కంటితో చూశాను. కట్ లేదంటే లోడింగ్‌ను దాచుకోవడానికి చోటు లేదు. పీఎస్4 లోపల ఉన్నది మామూలు హార్డ్‌డిస్క్, కొత్త ప్రదేశాన్ని చదవడానికి టైమ్ కావాలి. అందుకే హీరో క్రేటోస్ బండల సందుల్లో పక్కకు తిరిగి మెల్లగా దూరతాడు, లోకాల మధ్య దారిలో తలుపు వచ్చేదాకా నడుస్తాడు. ఈ పసుపంతా కథ కోసం వచ్చింది కాదు, యంత్రం కోసం వచ్చింది. ఈ సంగతి తెలిశాక వాటి మీద నాకున్న చిరాకు తగ్గింది.

మొదటి గంట లెక్క: ఎరుపు 13, పసుపు 16, ఆకుపచ్చ 31. అయితే నాకు నచ్చింది ఆ లెక్క కాదు, పడవ. క్రేటోస్‌తో పాటు వచ్చే మిమిర్ పడవలో కథలు చెబుతుంటాడు. మధ్యలో ఒడ్డు చేరితే ఆపేస్తాడు, మళ్లీ పడవ ఎక్కినప్పుడు ఆపిన చోటు నుంచి అందుకుంటాడు. కథ వినాలనిపిస్తే నేనే సరస్సులో ఇంకో చుట్టు తిప్పుతాను. మా అవ్వ చెనక్కాయలు ఒలుస్తూ కథ చెప్పేది ఇలాగే, పనిని బట్టి కథ ఆగేది. గొడ్డలి విసిరి ట్రయాంగిల్ నొక్కితే చేతికి తిరిగొచ్చే ఆ దెబ్బ గురించి చెప్పక్కర్లేదు, ఆడినవాళ్ల అరచేతులకు తెలుసు.

మే 11, ఆదివారం

‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’. ఇది కూడా 2018దే. పీఎస్4కు రెండు డిస్కులు వస్తాయి, ముందు డేటా డిస్క్, తర్వాత ప్లే డిస్క్. హార్డ్‌డిస్క్‌లో 100 జీబీ చోటు ఖాళీ చేసి పెట్టుకోవాలి. నాది 500 జీబీ స్లిమ్ కాబట్టి రెండు గేములు తీసేయాల్సి వచ్చింది. ఇన్‌స్టాల్ సగంలో కరెంటు పోయింది. ఎండ నలభై దాటిన రోజులు, ఊహించిందే. పాత 600 వీఏ యూపీఎస్ పది నిమిషాలు మోసి వదిలేసింది. కరెంటు వచ్చాక పీఎస్4 స్టోరేజ్ చెక్ చేసుకుని లేచింది కానీ డిస్క్ మళ్లీ మొదటి నుంచి. పీఎస్4ను పొద్దున ఆరింటికి, లోడ్ తక్కువ ఉన్నప్పుడు ఇన్‌స్టాల్‌కు పెట్టండి. కింద నాలుగు సీసా మూతలు పెట్టి కొంచెం ఎత్తు చేస్తే ఫ్యాన్ శబ్దం కూడా తగ్గింది.

ఈ గేమ్ నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. మిషన్ బయట, అంటే కథ అప్పగించే పనులు లేనప్పుడు, ఇంత స్వేచ్ఛ ఉన్న లోకాన్ని నేను చూడలేదు. ఒక జింక చర్మం పాడు కాకుండా కావాలంటే ముందు మంచి జంతువును వెతకాలి, దాని సైజుకు తగిన ఆయుధం ఎంచుకోవాలి, గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, ఒకే దెబ్బకు పడగొట్టాలి. పాడైన స్టిక్‌తో నేను ఒక్క మంచి చర్మం కూడా తేలేకపోయాను. అంతా ఆకుపచ్చే. అదే మిషన్ మొదలైతే చాలు, మ్యాప్‌లో చూపే పసుపు గీత మీదే గుర్రం పోవాలి. తుపాకీ గుళ్ల మధ్య పక్క నుంచి చుట్టి వెళ్దామని కొంచెం దూరం పోతే మిషన్ ఫెయిల్. గురి దానంతటదే అతుక్కుంటుంది, డ్రిఫ్ట్ అడ్డే రాలేదు. అరవై గంటలు పెంచి పోషించిన తెలివిని మిషన్ గుమ్మం దగ్గర చెప్పులతో పాటు వదిలి రమ్మన్నట్టుంది. ఇక్కడ ఆట తగ్గింది కథ ఉన్నందుకు కాదు, కథ ఒకే దారిలో జరగాలని పట్టుబట్టినందుకు.

మే 18, ఆదివారం

న్యాయంగా ఉండాలని రెండో వైపు, కట్‌సీన్లు లేని గేమ్ కూడా చూశాను. ‘హాఫ్-లైఫ్ 2’, 2004 నాటిది, స్టూడియో కంప్యూటర్‌లో. కెమెరా ఎప్పుడూ హీరో గోర్డన్ ఫ్రీమన్ కళ్లలోనే ఉంటుంది. రైలు స్టేషన్‌లో ఒక పోలీసు ఖాళీ డబ్బాను కింద పడేసి, తీసి చెత్తబుట్టలో వేయమంటాడు. వేయొచ్చు, వాడి ముఖాన కొట్టి పారిపోవచ్చు. ఆ ఊరిని ఎవరు ఎలా పాలిస్తున్నారో ఆ ఒక్క డబ్బాతో అర్థమైపోతుంది. అయితే కాసేపటికి డాక్టర్ క్లైనర్ ల్యాబ్ వస్తుంది. వాళ్ల మాటలు అయ్యేదాకా మనం ముందుకు పోలేం. కట్‌సీన్ లేదు, బల్లలెక్కి గెంతుకోవచ్చు, కానీ స్టిక్ పాడైతే ఏమైనా మారుతుందా అన్న పరీక్ష పెడితే అది పసుపే. కట్‌సీన్లు లేని గేమ్ అంటే మొత్తం ఆటే అని ఇన్నాళ్లూ వాదించేవాణ్ని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

‘డెట్రాయిట్: బికమ్ హ్యూమన్’ అనే, ఎంపికలతో కథ మారే గేమ్ కూడా ఒక రాత్రి చూశాను. స్టిక్ పరీక్షలో అది పూర్తిగా పోతుంది. కానీ మొదటి చాప్టర్‌లో ఆధారాలు వెతికే కొద్దీ, బందీని కాపాడే అవకాశం ఎంత శాతమో పెరుగుతూ కనిపిస్తుంది. టైమ్ తక్కువ, ఏది వెతకాలో నేనే తేల్చుకోవాలి. చేతి తప్పుకు చోటు లేదు, బుద్ధి తప్పుకు ఉంది. నా కొలతకు అందనిది కూడా ఉందని ఒప్పుకుని నోట్‌బుక్‌లో నాలుగో గడి గీశాను.

మే 24

స్టిక్ మార్పించాను. క్లాక్ టవర్ దగ్గర మొబైల్ రిపేరు చేసే కుర్రాడు ఇరవై నిమిషాల్లో టంకం పెట్టిచ్చాడు. కంప్యూటర్‌కు కలిపి చూస్తే గుర్తు సరిగ్గా మధ్యలో నిలిచింది.

జూన్ 1, ఆదివారం

సెలవులు కదా, మా వాడు వారం నుంచి మా ఇంట్లోనే ఉన్నాడు. ఈసారి కథ సంగతి ఎత్తలేదు. ‘ద లాస్ట్ ఆఫ్ అస్’లోనే పిట్స్‌బర్గ్ హోటల్ అడుగున ఉన్న జనరేటర్ గది దాకా తెచ్చి, కంట్రోలర్ ఇచ్చి, దీన్ని దాటు చూద్దాం అన్నాను. జనరేటర్ వేస్తే ఆ చప్పుడుకు రోగం సోకినవన్నీ మీద పడతాయి. తలుపు తెరవాలంటే కీకార్డు కావాలి.

పదకొండుసార్లు చచ్చాడు. ప్రతిసారీ ఏం చేశాడో పక్కన కూర్చుని రాశాను. మొదటి మూడుసార్లు తుపాకీ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగోసారి బ్యాగు తెరిచి మందుకట్టు తయారు చేస్తుండగానే పట్టుకున్నాయి, ఈ గేమ్‌లో బ్యాగు తెరిస్తే కాలం ఆగదు. “ఆల్కహాల్, గుడ్డ దీనికి పెడితే మంటసీసాకు మిగలవా మామా?” అని అప్పుడు అడిగాడు. రెండింటికీ సామాను ఒకటే అని వాడంతట వాడే కనుక్కున్నాడు. ఏడోసారి నుంచి తుపాకీ ముట్టలేదు. పన్నెండోసారి ముందు కీకార్డు వెతికాడు, తలుపు దాకా దారి చూసుకున్నాడు, అడ్డం ఏముందో గుర్తుపెట్టుకున్నాడు, ఆ తర్వాతే జనరేటర్ లాగి పరుగు తీశాడు. బయటపడ్డాక కంట్రోలర్ తడిసిపోయింది చెమటతో.

ఆ నలభై నిమిషాల టైమ్‌లైన్‌లో ఎరుపు ఒక్క గీత కూడా లేదు.

జూన్ 7

వాడు వదల్లేదు, కథ కూడా పట్టుకుంది. నిన్న రాత్రి జిరాఫీల దగ్గరికి వచ్చాడు. పైకెక్కి రెయిలింగ్ దగ్గర నిలబడితే, మనం కదిలేదాకా గేమ్ ఎదురుచూస్తుంది. మా వాడు స్టిక్ మీది నుంచి వేలు తీసేసి నాలుగు నిమిషాలు అలాగే ఉన్నాడు. నేనేమీ అనలేదు.

ఇవాళ రంగులు వేద్దామని కూర్చుంటే అక్కడ ఆగిపోయాను. ఎరుపు కాదు, ఎప్పుడు కదలాలో వాడే ఎంచుకున్నాడు. ఆకుపచ్చ కాదు, తప్పు చేయడానికేమీ లేదు. పసుపు వేయడానికి మనసు రాలేదు. ఖాళీగానే వదిలి సేవ్ చేశాను.

హాల్లో వాడు సర్వైవర్ అనే కష్టమైన మోడ్‌లో కొత్త ఆట మొదలుపెట్టాడు. గోడ వెనక ఎవరున్నారో వినిపించే సౌకర్యం ఇందులో ఉండదు. “హోటల్ వచ్చినప్పుడు పిలుస్తా మామా, నోట్‌బుక్ తెచ్చుకో” అన్నాడు.