నాన్నమ్మ రససింధూరం పొట్లం

మా నాన్నమ్మ మందుల పెట్టెలో రససింధూరం అనే ఎర్రని ఆయుర్వేద మందు పొట్లం ఒకటి ఎప్పుడూ ఉండేది. జలుబు చేస్తే చిటికెడు తేనెలో రంగరించి నాలుకకు రాసేది. పాదరసాన్ని గంధకంతో నూరి కజ్జలి అనే నల్లని పొడిగా చేసి, గాజుకుప్పెలో పోసి ఇసుక మధ్య కాచి తీసే ఈ మందు నీటిలో దాదాపు కరగదు కనుక పాదరసపు ఆవిరి పట్టినంత సులువుగా ఒంటికి పట్టదన్న మాట నిజమే. అయినా, శుద్ధి సరిగా జరిగిందో లేదో పొడిని చూసి ఎవరూ చెప్పలేరు, నెలల తరబడి వాడితే మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది. 2008లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన, ఇంటర్నెట్‌లో అమ్మిన 193 ఆయుర్వేద మందుల్లో సుమారు ఐదోవంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉన్నట్లు తేల్చింది. గర్భిణులకూ పసిపిల్లలకూ ఇంట్లో ఇలాంటివి ఇవ్వడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. థర్మామీటరు పగిలినప్పుడు నేలపై దొర్లే వెండిరంగు పాదరసపు బొట్లను కూడా చీపురుతో ఊడ్చకుండా, కిటికీలు తెరచి, గట్టి కాగితంతో పోగుచేసి మూత బిగించిన సీసాలో పెట్టాలి.