అప్పాపూర్ దారి, 2 గంటల లెక్క

కాన్పు అయ్యాక రక్తస్రావం ఆగకపోతే, వైద్యం అందని తల్లికి సగటున మిగిలేది 2 గంటలు. కాన్పుకు ముందే రక్తం పోవడం మొదలైతే 12 గంటలు. గర్భసంచి చిట్లితే ఒక రోజు, ఫిట్స్ వస్తే 2 రోజులు, బిడ్డ అడ్డం పడి కాన్పు ముందుకు సాగకపోతే 3 రోజులు, బాలింతకు క్రిములు సోకితే 6 రోజులు. నర్సింగ్ విద్యార్థులకు ప్రసూతి పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్కను బోర్డు మీద రాస్తాను. వాళ్లు రాసుకుంటారు, పరీక్షలో తప్పు లేకుండా అప్పజెబుతారు. ఆ 2 గంటల్లో ఒక తల్లిని నల్లమల లోపలి నుంచి ఎంత దూరం తేగలమో కళ్లారా చూడాలని నాకు చాలాకాలంగా ఉండేది. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ అడవి అంచున ఏఎన్ఎంగా పనిచేస్తోంది. "అప్పాపూర్ పెంటకు వెళ్తున్నాం మేడం, అటవీశాఖ అనుమతి కూడా వచ్చింది, మీరూ రండి" అని ఫోను చేసింది. పెంట అంటే నల్లమల లోపల చెంచులు ఉండే చిన్న ఊరు. బయలుదేరాను.

కార్తీకమాసం కావడంతో శ్రీశైలం బస్సు హైదరాబాద్‌లోనే నిండిపోయింది. కడ్తాల్, ఆమనగల్లు దాటాక రోడ్డుకు రెండువైపులా పత్తి చేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. నడుముకు చీర కొంగు సంచిలా కట్టుకుని ఆడవాళ్లు పత్తి ఏరుతున్నారు. డిండి దగ్గర బస్సు కాసేపు ఆగినప్పుడు ఒక చేలో నిండు గర్భిణి కనిపించింది. కొంగులో పత్తి, కడుపులో బిడ్డ, రెండు బరువులూ ముందుకే వేలాడుతున్నాయి. పత్తి తీత రోజుల్లో కూలి వదులుకోవడం ఎవరికీ కుదరదు. ఇది పాలమూరు, నల్లగొండ ఊళ్లన్నిటిలోనూ కనిపించేదే. విశ్రాంతి తీసుకోమని గర్భిణి ఆరోగ్య కార్డు మీద రాసే మనం, ఆ విశ్రాంతికి కూలి ఎవరిస్తారో రాయం.

హాజీపూర్ దాటితే నేల రంగు మారుతుంది, గుట్టలు దగ్గరవుతాయి. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర దిగాను. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఇక్కడ గేటు వేసేస్తారు. వన్యప్రాణులను కాపాడటానికి అది అవసరమే. అత్యవసర వాహనాలను ఆపరు. కానీ అంబులెన్సును వదలాలంటే ముందు దానిని ఎవరైనా పిలవాలి కదా. మా జీపు ఫర్హాబాద్ వైపు మలుపు తిరిగి అడవిలోకి దిగిన కాసేపటికే అందరి ఫోన్లలోనూ సిగ్నల్ పోయింది. 2005 ఆగస్టు 15న మన దగ్గర మొదలైన 108 సేవ ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. గర్భిణులను పరీక్షలకు తీసుకెళ్లి తిరిగి ఇంటి దగ్గర దింపే 102 వాహనాలూ ఉన్నాయి. ఆ రెండూ ఫోను మీద ఆధారపడినవే. పెంటలో నొప్పులు మొదలైతే ఎవరో ఒకరు సిగ్నల్ అందే గుట్ట దాకా నడవాలి, లేదా బైకు మీద రోడ్డెక్కాలి.

దారి చెప్పుకోవాల్సిందే. రాళ్లు తేలిన బాట, మధ్యలో వాగులు. వానలు ఆగి నెల దాటినా ఒకచోట నీళ్లు చక్రం సగం దాకా వచ్చాయి. ఆషాఢ శ్రావణాల్లో అయితే జీపు ఆ ఒడ్డునే ఆగిపోతుందని డ్రైవరు చెప్పాడు. బాట పక్కన చుక్కల జింకలు తలెత్తి చూశాయి. నేనైతే వాటి వైపు ఎక్కువసేపు చూడలేకపోయాను. ప్రతి కుదుపుకూ, ఈ బల్ల మీద రక్తం పోతున్న బాలింత పడుకుని ఉంటే ఏమవుతుందన్న ఆలోచనే. మన్ననూర్ నుంచి అప్పాపూర్ చేరేసరికి గంటన్నర దాటింది, అదీ పట్టపగలు, ఎండ కాస్తున్న రోజున. రక్తం ఎక్కించాలంటే మన్ననూర్ చాలదు, అచ్చంపేట చేరాలి, పరిస్థితి చేయి దాటితే నాగర్‌కర్నూల్ గానీ మహబూబ్‌నగర్ గానీ పోవాలి. 2 గంటలు అడవిలోనే అయిపోతాయి.

పెంటలో వెదురు తడికల గుండ్రటి గుడిసెలు, వాటి పక్కనే కొన్ని పక్కా ఇళ్లు. అంగన్‌వాడీ దగ్గర చెట్టు కింద చాప పరిచి మా ఏఎన్ఎం అమ్మాయి పని మొదలుపెట్టింది. బీపీ, బరువు, వేలి చివర రక్తపు చుక్క. గర్భిణికి కనీసం ఉండాల్సిన హిమోగ్లోబిన్ 11 గ్రాములు. అది దాటినవాళ్లు అరుదుగా కనిపించారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని చెప్పింది. 7 కంటే తక్కువ ఉన్న తల్లికి, మరొకరు తట్టుకోగలిగే అర లీటరు రక్తం పోవడం కూడా ప్రాణం మీదికి తెస్తుంది. అంటే ఆ 2 గంటలు ఆమెకు గంటే కావచ్చు. అందుకే ఐరన్ మాత్రలు పంచి ఊరుకోకుండా, మింగారో లేదో అడిగి, ఖాళీ పట్టీలు చూపించమంటోంది మా అమ్మాయి. ఒకామె నవ్వుతూ లోపలికి వెళ్లి నిండు పట్టీ తెచ్చింది. కడుపులో తిప్పుతుందట. తిన్న తర్వాత, రాత్రి పడుకునే ముందు వేసుకొమ్మని, చాయ్‌తో మాత్రం వద్దని ఓపికగా చెప్పింది.

ఆ పెంటలో చాలా కాన్పులు చేసిన ఒక అవ్వ మా చాప చివర కూర్చుంది. ఆసుపత్రి వద్దని అంటుందేమోనని చూశాను. ఆమె మాట వేరు. "ఇంట్లో కాన్పు మంచిదని నేనెప్పుడు అన్నాను బిడ్డా? తల కిందికి ఉంటే నాకు తెలుస్తుంది, అడ్డం ఉన్నా తెలుస్తుంది. మాయ పడకపోతే నా చేతిలో ఏముంది?" అంది. బిడ్డ వెనకే బయటికి రావాల్సిన మాయ పడకపోతే రక్తస్రావం ఆగకపోవచ్చు. ప్రసూతి శాస్త్రం మొత్తంలో భయపడాల్సిన చోటు ఏదో ఆమెకు తెలుసు. బిడ్డ పుట్టగానే తొడకు వేసే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఆ భయాన్ని చాలావరకు తగ్గిస్తుంది. దానిని చల్లటి పెట్టెలో ఉంచాలి, వేయడానికి నేర్పరి చేయి ఉండాలి. ఆ రెండూ ఇక్కడ లేవు. ఆ అవ్వను అడ్డంకిగా చూసే శిక్షణ పుస్తకాలను నేనూ చదివాను. ఆమెను తోడుగా తీసుకోవాలని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. పెంటలో ఎవరికి నెలలు నిండాయో కార్డుల కంటే ముందు ఆమెకే తెలుస్తుంది.

మేం ముఖ్యంగా కలవాలనుకున్న అమ్మాయికి ఎనిమిదో నెల. మొదటి కాన్పు దారిలో జీపులోనే అయింది, బిడ్డ బతికాడు, ఆమెకు చాలా రక్తం పోయింది. ఒకసారి అలా అయితే మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువ. ఈసారి నొప్పులకు ముందే కిందికి రావాలని మా అమ్మాయి అంటే, తల వంచుకుని ఊరుకుంది. నేను పక్కన కూర్చుని, ఎందుకు రావాలో చెప్పకుండా, ఎందుకు రాలేకపోతోందో అడిగాను. మెల్లగా చెప్పుకొచ్చింది. మొదటి బిడ్డకు మూడేళ్లు, ఎవరి దగ్గర వదలాలి? మేకలున్నాయి. భర్త తేనెకు, బంకకు అడవిలోకి పోతే రోజులు పడుతుంది. కిందటిసారి జీపులో కాన్పు అయ్యాక చేర్చిన ఆసుపత్రిలో అత్తను గది బయటే ఆపేశారు, రాత్రంతా ఒక్కతే పడుకుంది, ఏ మాట అడిగినా విసుక్కున్నారు. "అడవిలో నాకు భయం లేదు, అక్కడే భయం" అంది. ఆ మాట విని నాకు చాలా బాధ కలిగింది. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే రాష్ట్రాలకు చెప్పింది. తోడు ఉంటే నొప్పులు పడే సమయమూ, ఆపరేషన్ల అవసరమూ తగ్గుతాయని పరిశోధనలు నిరూపించాయి. దీనికి యంత్రాలు అక్కర్లేదు, ఒక స్టూలు చాలు.

తల్లుల మరణాలకు దారితీసే మూడు ఆలస్యాల గురించి 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు రాశారు: వెళ్లాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఈ అమ్మాయి విషయంలో మూడోది మొదటిదానికి కారణమైంది. లోపల ఎలా చూస్తారో తెలిసినందువల్లే ఇంటి దగ్గర నిర్ణయం వాయిదా పడుతోంది. రోడ్డు వేస్తే అన్నీ చక్కబడతాయనే వాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది.

రాష్ట్రం సాధించినది తక్కువేమీ కాదు. 2014-16లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు 81గా ఉన్న తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కు తగ్గాయి. 2019-21 సర్వేలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. అదే సర్వేలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లు, దేశంలోనే అత్యధికం. ఒకవైపు అవసరం లేని కోత, మరోవైపు అవసరమైన ఇంజెక్షన్ కూడా అందని పెంట. సహజ కాన్పు చేయించే మిడ్‌వైఫ్‌లకు 2017 నుంచి మన దగ్గర శిక్షణ ఇస్తున్నారు. వాళ్లు పెద్దాసుపత్రుల్లో ఎంత అవసరమో, అడవి అంచున ఉన్న చిన్న ఆసుపత్రుల్లో అంతకంటే ఎక్కువ అవసరం. అయినా ఎంత మంచి నర్సు ఉన్నా 2 గంటల లెక్క మారదు. మారాల్సింది కాన్పుకు ముందు వారం. నెలలు నిండిన తల్లి ఆ వారం రోజులు ఎక్కడ ఉంటుంది, ఎవరితో ఉంటుంది, ఏం తింటుంది? క్యూబాలో 1962 నుంచే ఆసుపత్రుల పక్కన ఇందుకోసం ఇళ్లు పెట్టి, దూరపు ఊళ్ల గర్భిణులను ముందే తెచ్చి ఉంచారు. గేటుకు ఇవతల, మన్ననూర్‌లోనో అమ్రాబాద్‌లోనో, పొయ్యి ఉన్న గది, నాలుగు మంచాలు, పిల్లలు ఆడుకునే వసారా ఉంటే చాలునని నాకు అనిపించింది.

మా అమ్మాయి నా కంటే ముందే ఆ ఆలోచనకు చేరుకుంది. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు, బేరం మొదలుపెట్టింది. మన్ననూర్‌లో వీళ్ల బంధువుల ఇల్లు ఉంది. అత్త కూడా వస్తుంది, పిల్లవాడూ వస్తాడు. మేకలను అవ్వ మనవడు చూసుకుంటాడు. భర్త ఆ పది రోజులు లోపలికి పోకుండా పెంట దగ్గరే ఉంటాడు. సంక్రాంతికి ముందే జీపు వస్తుంది. కాన్పు గదిలో అత్త పక్కనే ఉండేలా డ్యూటీ డాక్టరుతో ముందే మాట్లాడి పెడతానని మాటిచ్చింది. ఒక్కొక్కదానికీ ఆ అమ్మాయి తల ఊపుతూ వచ్చింది. చివర్లో అత్త అడిగింది, "బంధువుల ఇంట్లో అన్ని రోజులు ముగ్గురం తింటే వాళ్లకు బరువు కాదా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. గర్భిణికి అంగన్‌వాడీలో భోజనం, పాలు, గుడ్డు ఉన్నాయి. మూడేళ్ల పిల్లవాడికీ అక్కడ భోజనం పెడతారు. వెంట వచ్చిన అత్తకు ఏ పద్దు కింద అన్నం పెట్టాలి? ఆ ప్రశ్నను కార్డు వెనక రాసుకుని, సోమవారం మన్ననూర్‌లోని ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో అడుగుతానంది మా అమ్మాయి. గది సంగతి కూడా అప్పుడే అడుగుదామని, నేనూ ఆమెతో వస్తానని చెప్పాను.