మా అమ్మాయితో ఈ ఏడాది చదివిన నవలలు

మా అమ్మాయికి 15 ఏళ్లు. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. గుమ్మం దాటిందంటే గొంతు, నవ్వు, చివరికి తన పేరు తను పలికే తీరు కూడా మారిపోతాయి. అది చూసి నాకు ఏళ్లుగా బాధే. కానీ అడిగితే నిలదీసినట్టు ఉంటుందని ఊరుకునేదాన్ని. ఈ ఏడాది ఒక నవల ఆ మాట ఎత్తింది.

అది పర్సివల్ ఎవరెట్ రాసిన 'జేమ్స్'. 2024లో వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో ఇచ్చే పులిట్జర్ బహుమతి అందుకుంది. మార్క్ ట్వేన్ నవలలో హక్ ఫిన్ అనే కుర్రాడి వెంట పారిపోయే బానిస జిమ్, ఇక్కడ జేమ్స్‌గా తన కథ తానే చెప్పుకుంటాడు. బానిసలు తమలో తాము ఉన్నప్పుడు తీరైన ఇంగ్లీషు మాట్లాడుకుంటారు, తెల్లవాళ్ల ఎదుట మాత్రం కావాలనే మాటలు విరిచి, తప్పులు పెట్టి మాట్లాడతారు. ఆ రెండో భాషను జేమ్స్ పిల్లలకు పాఠంలా నేర్పుతాడు. తెల్లావిడ వంటింట్లో నిప్పంటుకుంటే ఏమనాలి? 'మంట' అని ముందే అనేయకూడదు. అదేమిటో కనిపెట్టి పేరు పెట్టే అవకాశం ఆవిడకే వదిలేయాలి.

అక్కడ మా అమ్మాయి పుస్తకం మూసేసి, "అమ్మా, ఆఫీసు ఫోన్ వస్తే నువ్వూ ఇలాగే మారిపోతావు" అంది. తన గురించి నేను ఏది అనుకుంటున్నానో, నా గురించి తనూ అదే అనుకుంటోందన్నమాట! వాళ్లు ప్రాణాలు కాపాడుకోవడానికి భాష మార్చారు, మనం నలుగురిలో కలిసిపోవడానికి మారుస్తున్నాం, రెండూ ఒకటి కాదని చెప్పాను. ఒప్పుకుంది. కాసేపయ్యాక, మూడేళ్ల కిందట బడిలో ఎవరో తన యాసను వెక్కిరించిన సంగతి చెప్పింది. మూడేళ్లు మనసులోనే పెట్టుకుంది.

ఈ నవలలో హింస ఉంది. ఒక పెన్సిల్ ముక్క దొంగిలించి తెచ్చి ఇచ్చినందుకు ఒక మనిషి ప్రాణం పోతుంది. 14 ఏళ్లలోపు వాళ్లకు ఇవ్వొద్దని నా అభిప్రాయం. ఆపై వయసు పిల్లలైతే మీరూ పక్కన కూర్చుని చదవండి.

కిరణ్ దేశాయ్ 2025 నవల 'ద లోన్లీనెస్ ఆఫ్ సోనియా అండ్ సన్నీ' మాత్రం తల్లిదండ్రులకే. 2006లో బుకర్ బహుమతి అందుకున్న ఆమె దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత రాసిన నవల ఇది. ఆరువందల పేజీలు దాటింది, మధ్యలో నాకు బరువనిపించింది కూడా. అయినా పరాయి దేశంలో చదువుకునే పిల్లల ఒంటరితనాన్ని పెద్దవాళ్లు పెళ్లి సంబంధంతో తీర్చాలని చూడటం చదువుతుంటే, నేనూ రేపు అదే చేస్తానేమో అని భయం వేసింది.

మూడోది తెలుగు నవల, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'. 2019లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) బహుమతి పొందింది. కరువులో మేత, నీళ్లు లేక గొర్రెల మందల్ని నల్లమల అడవికి తోలుకుపోయే కాపరుల కథ. రోజుకు నాలుగైదు పేజీలు నేను పైకి చదువుతాను, తను వింటుంది. పులి జాడ కనబడ్డ చోట మాత్రం ఇంకో నాలుగు పేజీలు చదివించుకుంది. అది రాయలసీమ పలుకుబడి, చాలా మాటలు నాకే తెలియవు. "నీకూ రాదా?" అని తను ఎంత సంతోషపడిందో! తన ఎదుట నేను తెలుగు తెలిసినదాన్నిలా కాకుండా, తనలాగే నేర్చుకునేదాన్నిలా కూర్చోవడం అదే మొదటిసారి. తెలియని మాటలు ఒక కాగితం మీద రాసుకుని, ఆదివారం తాతయ్యకు ఫోన్ చేసి అడుగుతున్నాం. ఆయనకు తెలియనివీ ఉన్నాయి, వాటికి ఆయన తన స్నేహితులను అడిగి చెబుతున్నారు.

ఇంకా సగంలోనే ఉన్నాం. కాగితం మీద తెలుగు మాటలను తను ఇంగ్లీషు అక్షరాలతో రాస్తుంది. నిన్న ఒక్క మాట పక్కన మాత్రం, వంకరగా, 'గొర్రె' అని తెలుగులో రాసి ఉంది. ఒత్తు ఎటు పెట్టాలో నన్ను అడగలేదు. సరిగ్గానే పెట్టింది.